ముడుపు కట్టిన కార్డు

మొన్న శనివారం మా ఇంట్లో పారాయణ ముగిసి హారతి ఇస్తుండగా ఫోను మోగింది. పారాయణకు వచ్చినవాళ్ల ఫోన్లన్నీ గుమ్మం బయట చెప్పుల స్టాండు మీద పెట్టించడం నా నియమం. అందరి చేతా పెట్టించాను, నాది మాత్రం పూజ అరలో అగరవత్తుల పెట్టె పక్కన మరిచిపోయాను. ఒక చేత్తో హారతి పళ్లెం పట్టుకుని రెండో చేత్తో దాన్ని ఆపబోతే అది ఆగకపోగా స్పీకరులో మాట్లాడటం మొదలుపెట్టింది. "మేడమ్, మీ స్కోరు చాలా బాగుంది. మీ కోసం స్పెషల్‌గా పర్సనల్ లోన్ రెడీగా ఉంది మేడమ్, మీరు ఓకే అంటే చాలు" అని ఒక ఆడపిల్ల గొంతు గదంతా వినపడింది. నేను ఇంకా ఏమీ అనకముందే, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న మా తోటికోడలు, "జెప్పు అక్కా ఆమెకు, మా ఇంట్ల కార్డులన్నీ దేవుని అరల ఉంటయని జెప్పు" అంది. సంగతి తెలిసినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తెలియనివాళ్లు వాళ్లను చూసి నవ్వారు. నేను ఆ పిల్లతో, "అప్పేమీ వద్దమ్మా, నువ్వు భోంచేశావా?" అన్నాను. "లేదు మేడమ్, ఇంకా టార్గెట్ అవ్వలేదు" అంది నెమ్మదిగా. ముందు వెళ్లి తినమని చెప్పి పెట్టేశాను.

మంగళహారతి అయ్యాక పులిహోర తింటూ కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు, "ఏంటండీ ఆ కార్డు కథ?" అని పట్టుకున్నారు. నేను చెబితే మా తోటికోడలు మధ్యలో అడ్డం వస్తుంది, ఆవిడ చెబితే నేను వెర్రిబాగులదానిలా మిగులుతాను. అందుకని ఎవరూ అడ్డం రాకుండా రాసి పెట్టడమే నయమనిపించింది.

మా ఇల్లు అమీర్‌పేట మెయిన్ రోడ్డు వెనక సందులో, రెండో అంతస్తు. ఆ రోజుల్లో అది అద్దె ఇల్లు. మా వీధి మొదట్లో నిలబడితే ఆకాశం కంటే బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. ఏ కోర్సు కావాలంటే ఆ కోర్సు, ఏ హాస్టలు కావాలంటే ఆ హాస్టలు. దోశల బండి మీద వేగే ఉల్లిపాయల వాసనా, జిరాక్సు మిషన్ల వేడి కాగితం వాసనా కలిసి మా వంటింటి కిటికీలోకి వస్తాయి. పొద్దున్నే పూజకు కూర్చుంటే నా శ్లోకంతో పాటు కింద పాంప్లెట్లు పంచేవాళ్ల కేకలు వినపడతాయి. మొదట్లో చిరాకు పడేదాన్ని. తరవాత తరవాత వాళ్లది కూడా ఒకరకం నామస్మరణే కదా, బతుకు తెరువు స్మరణ, అని సర్దుకున్నాను.

మా ఆయన ఆ బోర్డుల్లోనే ఒక కోచింగ్ సెంటరులో అకౌంట్లు చూసేవారు. చదువులు ఫోన్లలోకి వెళ్లిపోవడం మొదలయ్యాక పిల్లలు రావడం తగ్గి, రెండు అంతస్తుల సెంటరు ఒక అంతస్తయి, చివరికి ఒక గదయి, ఒకరోజు బోర్డు దించేశారు. ఆయన వయసుకి మళ్లీ ఉద్యోగం అంటే తేలిక కాదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నాకు పూజలో సాయానికి వచ్చారు. పత్తి ముందేసుకుని వత్తులు చేసేవారు. లెక్కల మనిషి కదా, ఒక్క వత్తి కూడా పొడుగూ పొట్టీ ఉండేది కాదు. మా ఇంట్లో దీపాలు అంత తీరుగా వెలిగిన రోజులు అంతకు ముందూ లేవు, తరవాతా లేవు. కానీ వత్తులతో ఇల్లు గడవదు. పచారీ సామాన్లకీ, మా అమ్మాయి కాలేజీ ఫీజుకీ, చివరికి కరెంటు బిల్లుకీ ఆయన క్రెడిట్ కార్డే గీశాం. నెలనెలా కట్టాల్సిన కనీసం మొత్తమేదో కడితే చాలనుకున్నాం. అది వడ్డీకి కూడా చాలదని మాకు తెలిసేసరికి ఆయన మోటారు బండి అప్పు వాయిదాలు కూడా తప్పాయి. ఫోన్ల మీద ఫోన్లు. ఆయన గొంతు చిన్నదైపోయింది. జీవితమంతా ఇతరుల లెక్కలు సరిచేసిన మనిషి తన లెక్క దగ్గర తల దించుకోవడం నేను చూడలేకపోయాను. పంజాగుట్టలో నా గాజులు అమ్మి, కార్డుదీ బండిదీ బాకీలన్నీ ఒక్క రోజున తుడిచిపెట్టేశాం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి స్వామి ముందు కూర్చుని ఇద్దరం ముడుపు కట్టాం.

ముడుపు గురించి చెప్పే ముందు నా పెంపకం గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్నగారు తెనాలి దగ్గర ఊళ్లలో పురాణ కాలక్షేపం చేసేవారు. నేను అక్షరాలు దిద్దకముందే ఆయన ఒళ్లో కూర్చుని శ్లోకాలు పట్టాను. మాకు బడి వేరే, గుడి వేరే అని ఉండేది కాదు. పదిమంది కూర్చుని విన్నదే చదువు. ఒకసారి నేను పొరుగింటి గోడ మీంచి వంగిన కొమ్మకున్న నందివర్ధనాలు ఒడి నిండా కోసుకొచ్చి స్వామి ముందు పోశాను. నాన్నగారు మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన పూజ ఆపి, "వాళ్లనడిగావా?" అన్నారు. లేదన్నాను. "అడక్కుండా కోసిన పువ్వు స్వామికి బరువమ్మా. నీది కానిది ఆయనకెలా ఇస్తావు?" అని, ఆ పూలన్నీ మళ్లీ నా ఒళ్లోకెత్తించి, పొరుగింటావిడ దగ్గరికి పంపించారు. ఆవిడ నవ్వి, అన్నీ నాకే తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడు నీవయ్యాయి, స్వామికి పెట్టుకో అన్నారు నాన్నగారు. ఆ సంగతి నేను మా పారాయణలో ఎన్నిసార్లు చెప్పానో! చెప్పడం వేరు, మన దాకా వచ్చినప్పుడు గుర్తుండటం వేరు.

ముడుపంటే తెలిసిందే. మనసులో కోరిక చెప్పుకుని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి స్వామి పటం దగ్గర పెడతాం. కోరిక తీరాక కొండకు వెళ్లి హుండీలో వేస్తాం. అప్పటిదాకా ఆ ముడి విప్పకూడదు. మా ఆయనకు ఆ రోజు ఏం తోచిందో, నేను రూపాయి తేబోతుంటే ఆగమని, జేబులోంచి ఆ కార్డు తీశారు. "నన్ను ముంచింది ఇదే. దీన్నే కట్టు. మళ్లీ దీని మొహం చూడకూడదు" అన్నారు. నాకు ఒళ్లు పులకరించింది. ఇంతకంటే పెద్ద సమర్పణ ఏముంటుందనిపించింది. కార్డుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గుడ్డలో చుట్టి ముడి వేశాను. 'స్వామీ, మాకంటూ సొంత గూడు ఏర్పడిన రోజున కొండకు వచ్చి దీన్ని నీ హుండీలో వేస్తాం. అప్పటిదాకా ఈ ముడి ముట్టం' అని మొక్కాం. రెండు నెలలు తిరక్కుండా సనత్‌నగర్‌లో మోటారు విడిభాగాలు చేసే చిన్న కార్ఖానాలో ఆయనకు ఉద్యోగం దొరికింది. జీతం తక్కువే. అయినా స్వామి విన్నాడు, ఇక మిగిలినది గూడే అనుకుని నిశ్చింతగా ఉన్నాను.

అలా కొన్నేళ్లు గడిచాయి. మా ఇంటి ఓనరమ్మ మాసబ్ ట్యాంక్‌లో ఉంటుంది. మెదక్ వైపు మనిషి, నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఒకరోజు కబురు పెడితే వెళ్లాం. "నాకు మోకాళ్లు పనిజేస్తలెవ్వమ్మా. గా ఇల్లు అమ్మేస్త. హాస్టల్ పెడ్తమని మస్తు మంది అడుగుతున్నరు. కానీ నువ్వు దీపం పెట్టే ఇల్లు. ముందుగాల నీకే జెప్తున్న. తీసుకుంటవా?" అంది. ఆ మాటతో నాకు స్వామి ఎదురుగా నిలబడి పిలిచినట్టే అనిపించింది. ఎన్నేళ్లుగానో శనివారం శనివారం నలభై గొంతులు కలిసిన గది అది. అక్కడ హాస్టలు మంచాలు వేస్తారన్న ఊహే భరించలేకపోయాను. "తీసుకుంటాం అమ్మగారూ" అన్నాను, పక్కన మా ఆయన దగ్గుతున్నా వినిపించుకోకుండా. వచ్చే వినాయక చవితి దాకా ఆగుతానంది ఆవిడ.

బ్యాంకు లోను ఇస్తే సరిపోతుంది, జీతం వస్తోంది కదా అనుకున్నాం. వెళ్లిన రెండు చోట్లా మర్యాదగా కూర్చోబెట్టి, కంప్యూటరు చూసి, అంతకంటే మర్యాదగా పంపించేశారు. రెండోచోట కుర్రాడు, "సార్, మీ క్రెడిట్ స్కోరు చాలా లో ఉంది" అని కాస్త ఆగి, "చాలా" అని మళ్లీ అన్నాడు. బాకీలన్నీ కట్టేశాం కదా నాయనా అంటే, "పాతవి లేట్ అయినవి కనిపిస్తాయి మేడమ్, ఇంకా ఏదో ఓపెన్ ఉంది" అన్నాడు. మా ఆయన మళ్లీ ఆ పాత చిన్న గొంతులోకి వెళ్లిపోయారు. దారిలో, "వదిలేద్దామే, మనకు రాసిపెట్టి లేదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా తోటికోడలి దగ్గరకు వెళ్దాం పదండన్నాను.

మా మరిది తన ఆఫీసులో పరిచయమైన కరీంనగర్ పిల్లను ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. ఆవిడే మా తోటికోడలు. పంజాగుట్టలో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో, లోన్ల దరఖాస్తులు వడపోసే సీటులో పనిచేస్తుంది. పెళ్లయిన కొత్తలో నేను ఏకాదశి ఉపవాసమంటే ఆవిడ చికెన్ షాపు వాళ్లకు సెలవా అని అడిగేది. దేవుడంటే లేదనదు, అలాగని ప్రతిదానికీ ఆయన్ను పిలవదు. "పెద్దమనిషి అక్కా, మస్తు పనులుంటయ్ ఆయనకు, మనమెందుకు సతాయించుడు" అంటుంది. అందుకే ఆవిడ దగ్గరికి వెళ్లడానికి నాకు కాస్త అభిమానం అడ్డొచ్చింది. అయినా వెళ్లాం. ఏసీ గదిలో అద్దం బల్లకు ఆ పక్క ఆవిడ, ఈ పక్క పాఠం అప్పజెప్పడానికి వచ్చిన పిల్లల్లా మేమిద్దరం.

ఆవిడ స్క్రీను చూస్తూ చూస్తూ ఆగిపోయింది. "బావా, గీ కార్డు ఇంకా నడుస్తున్నదేంది?"

"అది ఎప్పుడో కట్టేశానమ్మా" అన్నారు మా ఆయన.

"బాకీ కట్టిన్రు. కార్డు బంద్ జేసిన్రా?"

బాకీ తీరితే అదే మూతపడుతుందనుకున్నాం. ఆవిడ వివరంగా చెప్పింది. కార్డు వాడినా వాడకపోయినా ఏటా దానికి ఫీజు పడుతుందట. అది కట్టకపోతే దాని మీద వడ్డీ, ఆలస్యమైనందుకు రుసుము, ఆ రుసుము మీద మళ్లీ పన్ను. బ్యాంకు వాళ్లు పంపిన మెసేజీలన్నీ మూతపడిన కోచింగ్ సెంటరు ఇచ్చిన, బాకీ తీరాక ఆయన తీసి పారేసిన పాత నంబరుకి వెళ్లాయి. చూసేవాళ్లు లేరు. ఏళ్ల తరబడి నెల నెలా మా ఆయన పేరు పక్కన ఎగవేతదారు అని పడుతూనే వచ్చింది. మేము స్వామి ముందు దీపం పెడుతున్న ప్రతిరోజూ, ఆ దీపం పక్కనే కూర్చుని ఆ కార్డు అప్పు చేస్తూనే ఉంది.

"ఇప్పుడు కార్డు ఏడున్నది?" అంది తోటికోడలు.

"దేవుడి దగ్గర" అన్నాను నేను.

"దేవుని దగ్గరంటే? పోయిందా?"

"పోలేదు. ముడుపు కట్టాం."

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. బావను చూసింది. తరవాత బల్ల మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. పక్క సీట్ల వాళ్లు లేచి చూశారు. "క్రెడిట్ కార్డు ముడుపా! అయ్యో అక్కా! ఇన్నేండ్ల సర్వీసుల కార్డు పోగొట్టుకున్నోళ్లను జూసిన, కుక్క నమిలిందన్నోళ్లను సుత జూసిన. దేవునికి కట్టిన్రని ఇదే ఫస్టు." మా ఆయనకు కూడా నవ్వు ఆగలేదు. చాలా కాలానికి ఆయన నవ్వడం చూశాను కాబట్టి నేను కోపం తెచ్చుకోలేదు.

నవ్వయ్యాక చేయాల్సింది చెప్పింది. ఆ బాకీ పూర్తిగా కట్టాలి, కార్డు మూయించాలి. మూయించడానికి ఫోను చేస్తే కార్డు మీది నంబరు మొత్తం అడుగుతారు. కాబట్టి ముడి విప్పాలి. అక్కడే నేను బిగుసుకుపోయాను. సొంతిల్లు వచ్చాక గానీ విప్పనని మొక్కాను. విప్పితే గానీ సొంతిల్లు రాదు. మొక్కు తప్పి తెచ్చుకున్న ఇంట్లో ఏ మొహంతో పారాయణ చేయను? "ఇల్లు పోయినా సరే, ముడి విప్పను" అని లేచాను. లిఫ్టు దాకా వచ్చి తోటికోడలు నా చెయ్యి పట్టుకుంది. ఈసారి నవ్వడం లేదు. తన మెడలోని గుర్తింపు కార్డు వెనక దోపుకున్న క్రెడిట్ కార్డు తీసి, తిప్పి, నా కళ్ల ముందు పెట్టింది.

"గీ చిన్నచ్చరాలు సదువు అక్కా. అన్ని కార్డుల ఎనక ఉంటది. ఈ కార్డు బ్యాంకోళ్ల సొత్తు, అడిగితే వాపస్ ఇయ్యాలె అని రాసిన్రు. మీ కార్డు సుత మీది కాదు. పరాయోళ్లది తీసుకపోయి దేవునికి ముడుపు కడ్తరా? నువ్వే కదా ప్రతిసారీ జెప్తవు, ఆ పువ్వుల ముచ్చట?"

వెనక వరసలో గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతోందనుకున్న మనిషి నా నందివర్ధనాల కథ విని గుర్తుపెట్టుకుంది! నాన్నగారు పూజ ఆపి నా వంక చూస్తున్నట్టే అయింది. చెప్పొద్దూ, సిగ్గు కంటే ముందు నాకు సంతోషం కలిగింది. స్వామి నన్ను దారి తప్పనివ్వడు. శాస్త్రం చదివినవాళ్ల నోట చెప్పిస్తే నేను వాదించేదాన్ని. అందుకే వాదించడానికి వీల్లేని మనిషి చేత చెప్పించాడు. ఇది నా నమ్మకం. మా తోటికోడలిని అడిగితే, "నాకు జీతమిచ్చేది కంపెనీ అక్కా, ఆయన కాదు" అంటుంది.

మర్నాడు తలస్నానం చేసి, దీపం పెట్టి, స్వామికి విన్నవించుకుని ముడి విప్పాను. కార్డు మీద పసుపు ఎండిపోయి, కర్పూరం వాసన వేస్తోంది. దాని స్థానంలో కొత్త పసుపు గుడ్డలో మా ఆయన జీతంలోంచి తీసిన రూపాయి బిళ్ల పెట్టి మళ్లీ అదే మొక్కు మొక్కాను. ఇది మాత్రం మాదే. నంబరు మీద పసుపు గోటితో గీకి, ఒక్కొక్క అంకె నేను చదువుతుంటే మా ఆయన ఫోనులో చెప్పారు. అవతలి మనిషి, "సార్, సగం కట్టేయండి, సెటిల్ చేసేద్దాం" అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. తోటికోడలికి ఫోను చేస్తే కేకలేసింది. "సగం కడ్తే సగం ఎగ్గొట్టినోళ్లని రాస్తరు బావా! ఇంకెన్ని ఏండ్లో అదే కనిపిస్తది. పూరా కట్టున్రి. కట్టి, ఏం బాకీ లేదని వాళ్ల దిక్కెల్లి రాయించుకోన్రి." కొండకు వెళ్దామని దాచుకున్న డబ్బు తీసి మొత్తం కట్టేశాం. స్వామి దగ్గరికి వెళ్లే దారి ఈసారి పంజాగుట్ట మీదుగా పడిందనుకున్నాను.

అక్కడితో అయిపోతుందనుకుంటే కాలేదు. బాకీ తీరినంత మాత్రాన నమ్మకం రాదట. మళ్లీ కొంచెం అప్పు తీసుకుని, సమయానికి తీర్చి, మళ్లీ తీసుకుని, మళ్లీ తీర్చి చూపించాలట. మా ఆయన బెదిరిపోయారు. అందుకని బ్యాంకులో కొద్దిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించి, దాని పూచీ మీద చిన్న కార్డొకటి తీయించింది తోటికోడలు. బిల్లు మెసేజీలు తనకూ వచ్చేలా పెట్టుకుంది. పాలకీ కరెంటు బిల్లుకీ తప్ప దేనికీ గీకొద్దని ఆంక్ష. "డబ్బు విషయంలో నా చెయ్యి మంచిది కాదు. నువ్వే చూసుకో" అని ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు. నాకది భారమనిపించలేదు. రోజూ కొంచెం కొంచెం, తప్పకుండా, ఎవరు చూసినా చూడకపోయినా చేయడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే. పారాయణంటే అదే కదా. అందుకని దాన్నీ ఒక వ్రతంగా పెట్టుకున్నాను. ప్రతి శుద్ధ ఏకాదశికీ స్నానం, పూజ, కార్డు బిల్లు.

వ్రతం దివ్యంగా సాగింది. అయిదో నెలో ఆరో నెలో ఏకాదశి నాడు చూస్తే కట్టాల్సింది సున్నా అని ఉంది. స్వామి దయ, ఈ నెల ఏమీ కట్టక్కర్లేదు అనుకుని ఫోనుకి దణ్ణం పెట్టి లోపల పెట్టేశాను. తరవాత రెండు మూడు వారాలకు తోటికోడలు ఆఫీసు నుంచి ఫోను చేసింది. గొంతు పెంచే మొదలుపెట్టింది. "అక్కా, బావ కార్డు బిల్లు కట్టలేదేంది? రేపే ఆఖరి తారీఖు!"

"ఏకాదశికి చూశానమ్మాయ్, ఏమీ లేదు. మళ్లీ ఏకాదశికి కడతాను."

"మళ్లోసారి జెప్పు. ఏందానికి కడ్తవ్?"

సంగతేమిటంటే, తిథులు ఇంగ్లీషు నెలలతో కలిసి నడవవు. నా ఏకాదశి నెలకో రోజు చొప్పున వెనక్కి జరుగుతూ జరుగుతూ, ఆ నెల బిల్లు తయారు కాకముందే వచ్చేసింది. వచ్చే ఏకాదశి వచ్చేసరికి గడువు దాటిపోతుంది. "అక్కా, నీకు దండం పెడ్త! బ్యాంకోళ్లకు తిథులుండయ్, తారీఖులే ఉంటయ్. ఇన్ని నెలల కష్టం ఒక్క ఏకాదశికి పోతుండె!" అంది. ఆ గదీ, ఆ నలభై గొంతులూ, మంచాలూ అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అప్పటికప్పుడు కడదామని కూర్చుని రెండుసార్లూ తప్పు అంకెలే నొక్కాను. మా ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకున్నారు. నెమ్మదిగా కళ్లజోడు పెట్టుకున్నారు. కట్టేశారు. తరవాత గోడ మీది కాలెండరు దింపి, పెన్సిలు తీసుకుని, ఏడాది పొడుగునా బిల్లు వచ్చే తారీఖు దగ్గర చిన్న చుక్క, కట్టే తారీఖు దగ్గర గీత పెట్టుకుంటూ వెళ్లారు. గీతలన్నీ ఒకే పొడుగు, ఆ వత్తుల్లాగే. "ఇక నుంచి ఇది నేను చూసుకుంటాలే. నీ ఏకాదశి నువ్వు చూసుకో" అన్నారు. గొంతు మామూలుగా ఉంది. చిన్నది కాదు. ఆ మాట కోసమే స్వామి ఆ ఏకాదశిని వెనక్కి జరిపాడేమోనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

చవితి వచ్చేసింది. మా స్కోరు బ్యాంకుకు చూపించుకునేంతగా ఇంకా తేరుకోలేదు. మాసబ్ ట్యాంక్ వెళ్లి ఓనరమ్మను ఇంకో ఏడాది అడిగాను. దాచకుండా, ముడుపు సంగతితో సహా అంతా చెప్పాను. ఆవిడ నవ్వీ నవ్వీ మోకాళ్లు పట్టుకుంది. "నీ దేవుడు గింత లేట్ జేస్తుండేందే?" అంది. "లేట్ ఆయనది కాదమ్మగారూ, మాదే" అన్నాను. ఆవిడ తలూపి, "హాస్టలోడు మొన్ననే అడ్వాన్స్ తెచ్చిండు. వాపస్ పంపిన. ఇంకో చవితి దాక ఆగుత. రేటు మాత్రం జర పెంచుత, అది దేవునికి సుత తెలుసు" అంది. వస్తుంటే ఉండ్రాళ్లు పొట్లం కట్టి ఇచ్చింది.

ఆ ఏడాది మా ఆయన ఒక్క గీత కూడా దాటనివ్వలేదు. బిల్లు వచ్చిన మర్నాడే కట్టేసేవారు. కార్ఖానా వాళ్లు కూడా ఆయన పద్ధతి చూసి మొత్తం లెక్కలన్నీ ఆయనకే అప్పగించారు, జీతమూ పెరిగింది. రెండో చవితికి కొద్ది రోజుల ముందు మళ్లీ అదే పంజాగుట్ట, అదే అద్దం బల్ల. సొంతవాళ్ల దరఖాస్తు తను చూడకూడదని తోటికోడలు మమ్మల్ని వేరే ఆఫీసరు దగ్గర కూర్చోబెట్టి, తను ఎక్కడో దూరంగా ఫైళ్లు సర్దుతున్నట్టు నటించింది. ఆ ఆఫీసరు అడిగినవన్నీ మా ఆయనే చెప్పారు. పాత ఆలస్యాల గురించి అడిగితే, "ఉద్యోగం పోయిందండి, తప్పులు చేశాను. తరవాత అన్నీ తీర్చాను, చూడండి" అన్నారు, నీళ్లు తాగినంత మామూలుగా. నేను లోపల నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. వడ్డీ అందరికంటే కాస్త ఎక్కువే వేశారు. లోను మాత్రం ఇచ్చారు. తోటికోడలు ఫైళ్లు వదిలేసి వచ్చి, "ఏం అక్కా, ఈ సంతకం జేసే పెన్ను సుత ముడుపు కట్టకున్రి, కంపెనీది అది" అంది. అంటూనే పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది.

రూపాయి బిళ్ల ముడుపుతో కొండకు వెళ్లాం. తోటికోడలు కూడా వచ్చింది, లడ్డూల కోసమని చెప్పుకుంటూ. హుండీ దగ్గర నేను కళ్లు తెరిచేసరికి అందరికంటే ఎక్కువసేపు కళ్లు మూసుకున్నది ఆవిడే. ఏమడిగావంటే చెప్పలేదు. అప్పటి నుంచి మా పారాయణలో ఎవరు ముడుపు కడతామన్నా నేనడిగే మొదటి మాట, 'ఇది నీదేనా?' అని. రెండో మాట వెనక వరస నుంచి వస్తుంది. "తారీఖు రాసుకున్నవా?"

ఆ మొదటి ముడుపు కట్టిన పాత పసుపు గుడ్డను పారేయలేదు. మొన్న ఆ ఫోను వచ్చిన రోజున కూడా దీపపు కుందుల కింద పరిచి ఉన్నది అదే. ముడి విప్పిన రోజున దాని మధ్యలో గట్టిగా పడిన ముడత ఉండేది. ఉతికాను, ఇస్త్రీ చేశాను, అయినా పోలేదు. విసిగి, కుందుల కింద పరిచి వదిలేశాను. రోజూ ఆ బరువు కింద, ఆ వెచ్చదనం కింద అలా పడి ఉండగా, ఏ రోజున పోయిందో గానీ, మొన్న పారాయణయ్యాక కుందులు తీసి చూస్తే అక్కడ ముడత లేదు. ఆ ముడి విప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. మిగిలిన పనంతా కాలానిదే, అది తొందరపడలేదు, ఒక్కరోజు కూడా మానలేదు.